15 మి.లీ. అని రాసిన కప్పులో నాలుగు కూడా పట్టలేదు: క్యాడ్‌లో వాల్యూమ్ యూనిట్లు నాకు నేర్పిన పాఠం

పోయిన సీజన్‌లో ఓ రోజు పొద్దున్నే బాబాయ్ ఫోన్ చేశాడు. గుంటూరు జిల్లాలో మాకు రెండెకరాల మిర్చి చేను ఉంది, ఆయనే చూసుకుంటాడు. మామూలుగా ఆయన ఫోన్ చేస్తే ముందు భోజనం గురించి, ఉద్యోగం గురించి అడుగుతాడు. ఆ రోజు నేరుగా పాయింట్‌కి వచ్చేశాడు.

"ఏరా, నువ్వు మిషన్‌లో చేసిచ్చిన చిన్న కప్పు ఎంత పడుతుందిరా?"

"పదిహేను మిల్లీ బాబాయ్. దాని మీదే రాసుంది కదా."

"రాయడానికేముంది, కోటి అని కూడా రాయొచ్చు. పశువులకి మందేసే సిరంజీతో కొలిచా. నాలుగు కూడా పట్టలేదు."

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఈ సైట్‌లో త్రీడీ ప్రింటర్లకి రివ్యూలు రాసేవాణ్ణి, స్కేల్ పట్టుకుని పొరల మందం కొలిచేవాణ్ణి నేను. కొలతల దగ్గరే తప్పు చేశానా? ల్యాప్‌టాప్ తెరిచి ఫైల్ చూశాక అర్థమైంది. తప్పు ప్రింటర్‌ది కాదు, సాఫ్ట్‌వేర్‌దీ కాదు. క్యాడ్‌లో వాల్యూమ్ అంటే ఏంటో నాకే సరిగ్గా తెలీదు. త్రీడీ ప్రింటింగ్ మొదలుపెట్టే చాలామంది ఇదే గుంటలో పడతారు కాబట్టి మొత్తం కథ రాస్తున్నా.

అసలు ఏం జరిగిందంటే

దసరాకి ఊరెళ్లినప్పుడు బాబాయ్ మందు కొలవడానికి ఏదో పాత సీసా మూత వాడుతున్నాడు. ఆయన స్ప్రేయర్ ట్యాంకు 16 లీటర్లది. ఒక మందుకి ట్యాంకుకి 30 మి.లీ., ఇంకోదానికి 15 మి.లీ. కలపాలి. "నేను కప్పులు చేసిస్తా బాబాయ్" అని గొప్పగా చెప్పా.

ముందు 30 మి.లీ. కప్పు గీశా. లోపలి వ్యాసం 34 మి.మీ., లోపలి అడుగు నుంచి గీత వరకు ఎత్తు 33 మి.మీ. సిలిండర్ లెక్క మనందరికీ తెలిసిందే. అడుగు వైశాల్యం 907.9 చదరపు మి.మీ., దాన్ని 33తో గుణిస్తే 29,961 ఘనపు మి.మీ. అంటే 29.96 మి.లీ. ఇంతవరకు సూపర్.

తర్వాత 15 మి.లీ. కప్పు కావాలి. మళ్లీ గీయడం ఎందుకని క్యాడ్‌లో పక్కనున్న "30" అక్షరాల్ని "15" చేశా, ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేశా, స్లైసర్‌లో స్కేల్ బాక్స్‌లో 50% కొట్టా. 30లో సగం 15 కదా! ప్రింట్ అయి వచ్చిన కప్పు చూడ్డానికి అచ్చం సగమే ఉంది. పక్కపక్కన పెట్టి ఫొటో కూడా తీసుకున్నా.

కానీ స్లైసర్‌లో 50% అంటే పొడవు సగం, వెడల్పు సగం, ఎత్తు సగం. మూడూ కలిస్తే సగంలో సగంలో సగం, అంటే ఎనిమిదో వంతు. 17 మి.మీ. వ్యాసం, 16.5 మి.మీ. ఎత్తు. లెక్కేస్తే 3.75 మి.లీ. బాబాయ్ సిరంజీ అబద్ధం చెప్పలేదు.

ఆ కప్పుతో కొట్టిన సాళ్లలో తామర పురుగు తగ్గలేదు, ఆకు ముడత అలాగే ఉంది. మందు డబ్బు, కూలి, ఒక రోజు పని అన్నీ పోయాయి. పైగా చాలని మోతాదులో మందు కొడితే పురుగు దానికి అలవాటు పడే ప్రమాదం కూడా ఉంది. ఇంకో మాట. నేను ముందు 15 కప్పు గీసి, దాన్ని 200% చేసి "30" అని రాసి ఉంటే? అప్పుడు పట్టేది 120 మి.లీ. నాలుగింతల మందు. చేను మాడిపోవడం సంగతి అటుంచి, వీపున ట్యాంకు మోసే మనిషి ఏమయ్యేవాడో ఆలోచించడానికే భయమేసింది.

మోడల్‌కి తెలిసింది పొడవు మాత్రమే

ఇక్కడ మొదటి పాఠం. క్యాడ్ మోడల్‌లో గీతలు, వంపులు, ముఖాలు ఉంటాయి. వాటన్నిటినీ నిలబెట్టేది పొడవులే. వాల్యూమ్ ఎప్పుడూ వాటి నుంచి లెక్కేసి తీసిన ఫలితం. కప్పు మీద నేను చెక్కిన "15 మి.లీ." అనేది మోడల్ దృష్టిలో వట్టి బొమ్మ. అక్కడ "15" అని ఉన్నా, "జై బాలయ్య" అని ఉన్నా దానికి ఒక్కటే.

అందుకే పొడవు యూనిట్‌లో చిన్న తేడా వాల్యూమ్‌లో మూడింతల ఘాతంతో బయటపడుతుంది. ఈ లెక్కలు ఒకసారి చూడండి:

1 ఘనపు సెం.మీ. = 1,000 ఘనపు మి.మీ. = 1 మి.లీ. (10 కాదు! చాలామంది తప్పు చేసేది ఇక్కడే)
1 లీటరు = 1,000 ఘనపు సెం.మీ. = 10 లక్షల ఘనపు మి.మీ.
1 ఘనపు మీటరు = 1,000 లీటర్లు = 100 కోట్ల ఘనపు మి.మీ.
1 ఘనపు అంగుళం = 16.387 మి.లీ.
1 ఘనపు అడుగు = 28.317 లీటర్లు
1 అమెరికా గ్యాలన్ = 231 ఘనపు అంగుళాలు = 3.785 లీటర్లు
1 బ్రిటిష్ గ్యాలన్ = 4.546 లీటర్లు

అంగుళాల్లో గీసింది మి.మీ. అనుకుని తెరిస్తే పొడవులో తేడా 25.4 రెట్లు. వాల్యూమ్‌లో 16,387 రెట్లు. అంత పెద్ద తప్పు స్క్రీన్ మీదే కనిపిస్తుంది, కాబట్టి దొరికిపోతుంది. నాది ఎనిమిది రెట్ల తప్పు, చూడ్డానికి మాత్రం సగంలా ఉంది. ఇలాంటివే డేంజర్. నిజంగా సగం వాల్యూమ్ కావాలంటే స్కేల్ బాక్స్‌లో కొట్టాల్సింది 79.37%. సగానికి ఘనమూలం అది. రెట్టింపు కావాలంటే 126%.

ఏ వాల్యూమ్? పదార్థమా, లోపలి ఖాళీయా?

నా ఫైల్‌ని మళ్లీ తెరిచినప్పుడు ఇంకో సంగతి కనిపించింది. పెద్ద కప్పు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే వాల్యూమ్ దగ్గర 10,863 ఘనపు మి.మీ. అని ఉంది. 30,000 కదా రావాలి? రాదు. అది కప్పు గోడల్లో, అడుగులో ఉన్న ప్లాస్టిక్ వాల్యూమ్. పీఎల్ఏ సాంద్రత ఘనపు సెం.మీ.కి 1.24 గ్రాములు వేసుకుంటే దాదాపు 13.5 గ్రాముల ఫిలమెంట్. ప్రింట్ ఖర్చు లెక్కకి ఇది కావాలి. మందు కొలతకి ఇది పనికిరాదు.

లోపల ఎంత పడుతుందో తెలియాలంటే లోపలి ఖాళీనే ఒక ఘనంగా మార్చాలి. ఫ్యూజన్‌లో దీనికి బౌండరీ ఫిల్ అనే టూల్ ఉంది. సాలిడ్‌వర్క్స్‌లో ఇంటర్‌సెక్ట్ వాడొచ్చు. ఫ్రీక్యాడ్‌లో అయితే గీత ఎత్తు వరకు ఒక సిలిండర్ గీసి, అందులోంచి కప్పుని కట్ చేస్తే లోపలి ద్రవం ఆకారం మిగులుతుంది. ఆ బాడీకి "ద్రవం, గీత వరకు" అని పేరు పెట్టి ఫైల్‌లోనే ఉంచేయండి. దాని ప్రాపర్టీస్‌లో కనిపించేదే మన అసలు అంకె.

ఇక్కడ కూడా "ఎక్కడి వరకు" అన్నది చెప్పకపోతే తంటానే. నా కప్పు లోతు అంచు వరకు 38 మి.మీ. అంచు దాకా నింపితే 34.5 మి.లీ. పడుతుంది. గీత వరకు 30. డ్రాయింగ్‌లో ఊరికే "కెపాసిటీ 30" అని రాస్తే చూసేవాడు ఏదనుకోవాలి?

మన పేపర్లు ఈ విషయంలో క్యాడ్ డ్రాయింగ్‌ల కన్నా నయం. నాగార్జునసాగర్ వార్త చూడండి. పూర్తి స్థాయి నీటిమట్టం 590 అడుగులు, ఆ మట్టం దగ్గర నిల్వ 312 టీఎంసీలు అని రెండూ కలిపి రాస్తారు. మట్టం లేకుండా వాల్యూమ్ ఉండదు. ఇదే రిజర్వాయర్‌కి కట్టిన కొత్తలో అదే మట్టానికి 408 టీఎంసీల లెక్క ఉండేది. అడుగున పూడిక చేరింది, మట్టం మారకుండానే నిల్వ తగ్గింది. అన్నట్టు ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపు అడుగులు, దాదాపు 2,831 కోట్ల లీటర్లు. చిన్నప్పటి నుంచి రోజూ చదివే ఈ మాటలో ఉన్న యూనిట్ ఘనపు అడుగు అని నేను ఎప్పుడూ ఆలోచించనే లేదు.

బైక్ సీసీ కూడా ఇలాంటిదే. స్ప్లెండర్ ఇంజిన్‌లో సిలిండర్ వ్యాసం 50 మి.మీ., పిస్టన్ కదిలే దూరం 49.5 మి.మీ. గుణించి చూడండి, 97,193 ఘనపు మి.మీ. వస్తుంది. అదే 97.2 సీసీ. అది ఇంజిన్ సైజు కాదు, సిలిండర్ మొత్తం ఖాళీ కూడా కాదు. పిస్టన్ ఊడ్చుకుంటూ వెళ్లే చోటు మాత్రమే. ఇంజిన్ మోడల్‌లో ఏ పార్ట్ మీద క్లిక్ చేసినా ఆ అంకె కనిపించదు.

మన ఫోన్ల సంగతికొస్తే, 160 × 75 × 8 మి.మీ. ఫోన్ మొత్తం వాల్యూమ్ 96 సీసీ. అందులోనే బ్యాటరీ, కెమెరా, స్పీకర్ వెనకాల గాలి కోసం చిన్న గది అన్నీ సర్దాలి. ఆ గాలి గది సైజు సౌండ్‌లో బేస్ ఎంత వస్తుందో నిర్ణయిస్తుంది. కాబట్టి ఫోన్ డిజైనర్లకి "పార్ట్ వాల్యూమ్", "ఖాళీ వాల్యూమ్" వేర్వేరు లెక్కలు. ఈసారి ఎవరైనా బ్యాటరీకి లీటరుకి ఇన్ని వాట్-అవర్లు అని చెబితే, ఆ లీటరు ఒట్టి సెల్‌దా, కవర్‌తో కలిపా అని అడగండి.

డ్రాయింగ్ మీద ఎలా రాయాలి?

అంకె దొరికింది. ఇప్పుడు దాన్ని షీట్ మీద రాయాలి. సింపుల్‌గా అనిపిస్తుంది గానీ ఇక్కడ గోతులు చాలా ఉన్నాయి.

మొదటిది, పైన ఉండే చిన్న మూడు. కీబోర్డ్‌లో ³ లేదని చాలామంది ఇంగ్లిష్‌లో ఎం పక్కన మామూలు 3 కొట్టేస్తారు. మెకానికల్ డ్రాయింగ్‌లో పెద్ద ఎం పక్కన 3 ఉంటే అది 3 మి.మీ. స్క్రూ! చిన్న ఎం, పెద్ద ఎం తేడా తప్ప రెండూ ఒకేలా ఉంటాయి. ప్రింట్ తీసినప్పుడు ఆ తేడా ఎవరు చూస్తారు? విండోస్‌లో ఆల్ట్ నొక్కి పట్టుకుని నంబర్ ప్యాడ్ మీద 0179 కొడితే ³ వస్తుంది. ఆటోక్యాడ్ ఎంటెక్స్ట్‌లో సింబల్ మెనూలో క్యూబ్డ్ అని నేరుగా ఉంటుంది. ఒక జాగ్రత్త. పాత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లలో కొన్నిటికి ఈ గుర్తు ఉండదు, ప్రశ్న గుర్తో ఖాళీ డబ్బానో కనిపిస్తుంది. పీడీఎఫ్ తీశాక ఒకసారి జూమ్ చేసి చూడండి.

రెండోది, లీటరు గుర్తు. ఇంగ్లిష్ చిన్న ఎల్ చాలా ఫాంట్లలో ఒకటి అంకెలాగే ఉంటుంది. 1.5 పక్కన చిన్న ఎల్ పెడితే 1.51 అని చదివే ఛాన్స్ ఉంది. ఈ గొడవ వల్లే 1979లో కొలతలు, తూకాల అంతర్జాతీయ మహాసభ పెద్ద ఎల్‌ని కూడా లీటరు గుర్తుగా ఒప్పుకుంది. మామూలుగా మనుషుల పేరు మీద పెట్టిన యూనిట్లకే పెద్దక్షరం వాడతారు. లీటరు దానికి మినహాయింపు. డ్రాయింగ్‌లో ఎప్పుడూ పెద్ద ఎల్ వాడండి.

మూడోది, మన తెలుగు వాళ్ల స్పెషల్ సమస్య. మి.మీ., మి.లీ. ఈ రెంటికీ తేడా ఒక్క అక్షరం. 6 పాయింట్ల ఫాంట్‌లో కప్పు మీద చెక్కితే ప్రింటర్ నాజిల్‌కి కూడా తేడా తెలీదు. తెలుగులో లేబుల్ పెట్టాలంటే "మిల్లీలీటర్లు" అని పూర్తిగా రాయడమే మేలు.

నాలుగోది కామా. మనం 10,863 అని రాస్తే పదివేల పైచిలుకు. యూరప్‌లో చాలా దేశాల్లో కామా అంటే దశాంశ చుక్క, అంటే వాళ్లకి అది పది చిల్లర. డ్రాయింగ్ బయటి వాళ్లకి పంపేటప్పుడు కామా బదులు చిన్న ఖాళీ వదలండి. లేదా యూనిట్ పెంచి 10.9 సీసీ అని రాయండి. ఆరంకెల ఘనపు మి.మీ. కన్నా మూడంకెల మి.లీ. ఎవరికైనా త్వరగా బుర్రకెక్కుతుంది.

యూనిట్ లేని అంకె ఏం చేయగలదు?

1983 జులై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 విమానంలో 41,000 అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయింది. ఇంధనం చూపించే మీటర్ పనిచేయకపోవడంతో ట్యాంకుల్లో ఉన్నది లీటర్లలో కొలిచి, దాన్ని బరువులోకి మార్చారు. మార్చడానికి వాడిన అంకె 1.77. అది లీటరుకి పౌండ్లలో బరువు. ఆ విమానానికి కావాల్సింది కిలోల్లో లెక్క, అంటే దాదాపు 0.8. కాగితం మీద 1.77 అనే అంకె పక్కన దాని యూనిట్ ఎవరూ పట్టించుకోలేదు. 22,300 కిలోలు ఉండాల్సిన చోట అందులో సగం కూడా లేదు. పైలట్లు ఇంజిన్లు ఆగిన విమానాన్ని గ్లైడర్‌లా తేలించుకుంటూ గిమ్లీ అనే ఊళ్లో పాత ఎయిర్‌బేస్‌లో దింపారు. అందరూ బతికారు. ఆ విమానానికి గిమ్లీ గ్లైడర్ అనే పేరు మిగిలింది.

అక్కడ లీటర్లు కొలవడంలో తప్పు లేదు, గుణకారంలోనూ తప్పు లేదు. అంకె ఒక్కటే ప్రయాణం చేసింది, యూనిట్ వెనకే ఉండిపోయింది.

ఏ సాఫ్ట్‌వేర్ ఏం చూపిస్తుంది?

ఆటోక్యాడ్: మాస్‌ప్రాప్ కమాండ్ ఇస్తే వాల్యూమ్ అని ఒక అంకె వస్తుంది. పక్కన యూనిట్ ఉండదు! మీరు గీసిన ఒక డ్రాయింగ్ యూనిట్ మి.మీ. అయితే ఆ అంకె ఘనపు మి.మీ., అంగుళం అయితే ఘనపు అంగుళం. కొత్త ఫైల్ తెరిచేటప్పుడే టెంప్లేట్ అంగుళాలదా, మెట్రిక్‌దా చూసుకోండి.

సాలిడ్‌వర్క్స్: మాస్ ప్రాపర్టీస్‌లో యూనిట్ కనిపిస్తుంది. డాక్యుమెంట్ యూనిట్లు అంగుళాల సిస్టమ్‌లో ఉంటే నా కప్పు 0.66 ఘనపు అంగుళాలు అని చూపిస్తుంది. ఆప్షన్స్‌లోకి వెళ్లి మార్చుకోవచ్చు. ఇందులో ఉన్న మంచి సంగతి, వాల్యూమ్‌ని కస్టమ్ ప్రాపర్టీగా పెట్టుకుని డ్రాయింగ్ నోట్‌కి లింక్ చేయొచ్చు. మోడల్ మారితే షీట్ మీద అంకె కూడా మారుతుంది.

ఫ్యూజన్: మీ డాక్యుమెంట్ యూనిట్‌లోనే వాల్యూమ్ చూపిస్తుంది. కానీ స్క్రిప్ట్ రాసే వాళ్లకి ట్విస్ట్ ఉంది. ఏపీఐ లోపల పొడవులన్నీ సెంటీమీటర్లలో ఉంటాయి, కాబట్టి స్క్రిప్ట్‌లో వచ్చే వాల్యూమ్ ఘనపు సెం.మీ. స్క్రీన్ మీద 10,863 ఉంటే స్క్రిప్ట్‌లో 10.863 వస్తుంది. ఇంకోటి, మెటీరియల్ మార్చకపోతే డిఫాల్ట్‌గా స్టీల్ ఉంటుంది. నా 13 గ్రాముల కప్పు 85 గ్రాములు అని చూపించింది అందుకే.

ఫ్రీక్యాడ్: ఉచితం కాబట్టి స్టూడెంట్స్‌కి నేను చెప్పేది ఇదే. లోపల అంతా మి.మీ. లెక్క. షేప్ వాల్యూమ్ అడిగితే ఘనపు మి.మీ.లో ఇస్తుంది. ఎక్స్‌ప్రెషన్లలో మిల్లీలీటరు యూనిట్‌ని కూడా అర్థం చేసుకుంటుంది. అంటే "30 మి.లీ. భాగించు అడుగు వైశాల్యం" అని రాసి గీత ఎత్తుని దానికే వదిలేయొచ్చు. ఇది నాకు ముందే తెలిసుంటే ఈ ఆర్టికల్ ఉండేది కాదు.

ఫైల్ బయటికి వెళ్లాక యూనిట్ ఏమవుతుంది?

ఎస్‌టీఎల్ ఫైల్‌లో యూనిట్ ఉండదు. త్రికోణాల మూలల అంకెలు మాత్రమే ఉంటాయి. స్లైసర్ వాటిని మి.మీ. అనుకుంటుంది. బ్లెండర్‌లో మీటర్లలో గీసి అలాగే పంపితే వెయ్యో వంతు సైజులో చీమ తలంత మోడల్ వస్తుంది. ప్రూసాస్లైసర్ లాంటివి మరీ చిన్నగా ఉంటే "ఇది అంగుళాల్లో గీశారా, మీటర్లలో గీశారా" అని అడుగుతాయి. కానీ 50% లాంటి తప్పుని ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఎందుకు అడుగుతుంది? అది మన ఇష్టం కదా!

త్రీఎంఎఫ్ ఫైల్‌లో యూనిట్ రాసి ఉంటుంది. ఏమీ రాయకపోతే మి.మీ. అని రూల్. స్టెప్ ఫైల్‌లో కూడా యూనిట్ ఉంటుంది. అంతేకాదు, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు వాల్యూమ్, ఉపరితల వైశాల్యం, గురుత్వ కేంద్రం వంటివి చెక్ కోసం ఫైల్‌లోనే పెట్టే సదుపాయం ఉంది. అవతలి సాఫ్ట్‌వేర్ తెరిచాక మళ్లీ లెక్కేసి సరిపోల్చుకోవచ్చు. డీఎక్స్‌ఎఫ్‌లో అయితే హెడర్‌లో ఒక కోడ్ ఉంటుంది. 1 అంటే అంగుళాలు, 4 అంటే మి.మీ., 5 అంటే సెం.మీ., 6 అంటే మీటర్లు.

నా సలహా: ఫ్రెండ్‌కి ఫైల్ పంపాలంటే స్టెప్ లేదా త్రీఎంఎఫ్ పంపండి. ఎస్‌టీఎల్ తప్పనిసరి అయితే ఫైల్ పేరులోనే యూనిట్, మొత్తం ఎత్తు రాసేయండి.

చివరి పరీక్ష నీళ్లతోనే

ఎంత లెక్కేసినా ప్రింట్ అయ్యాక వస్తువు కొంచెం మారుతుంది. మామూలు ఫిలమెంట్ ప్రింటర్లలో లోపలి రంధ్రాలు కాస్త చిన్నగా వస్తాయి. 34 మి.మీ. వ్యాసం 33.8 అయిందనుకోండి, వాల్యూమ్ 1.2% తగ్గుతుంది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. 0.1 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ కాటా చాలు. ఖాళీ కప్పు పెట్టి సున్నా చేయండి. గీత వరకు నీళ్లు పోయండి. నీటి పైభాగం అంచుల దగ్గర పైకి పాకినట్టు కనిపిస్తుంది, మధ్యలో ఉన్న మట్టమే చూడండి. ఎన్ని గ్రాములుంటే దాదాపు అన్ని మి.లీ. మన 30 డిగ్రీల వేడిలో నీరు మి.లీ.కి 0.996 గ్రాములు ఉంటుంది, ఆ తేడా ఇలాంటి పనికి లెక్కలోకి రాదు.

లీటరుకీ నీటి బరువుకీ ఈ చుట్టరికం పాతదే. 1901 నుంచి 1964 వరకు లీటరు నిర్వచనమే కిలో నీటి వాల్యూమ్. ఆ లెక్కన అది 1,000 ఘనపు సెం.మీ. కన్నా వెంట్రుకవాసి ఎక్కువ, 1,000.028. 1964లో మళ్లీ సరిగ్గా 1,000కి తెచ్చారు.

రెండో కప్పు

ఈసారి 15 మి.లీ. కప్పుని స్కేల్ చేయలేదు, కొత్తగా గీశా. వ్యాసం కూడా తగ్గించా. ఎందుకంటే 34 మి.మీ. వ్యాసంలో మట్టం ఒక్క మి.మీ. అటూఇటూ అయితే 0.9 మి.లీ. తేడా. 15 మి.లీ.కి అది ఎక్కువ. 26 మి.మీ. వ్యాసం పెడితే ఆ తేడా 0.53కి తగ్గుతుంది. గీత ఎత్తు 28.25 మి.మీ. మొదటి ప్రింట్‌లో నీళ్లు 14.7 గ్రాములు తూగాయి. మోడల్‌లో వ్యాసం 0.2 పెంచి మళ్లీ ప్రింట్ చేస్తే 14.9. చాలు.

డ్రాయింగ్ షీట్ మీద ఈసారి రాసింది ఇది: "లోపలి కెపాసిటీ, గీత వరకు: 15 మిల్లీలీటర్లు. పొడవులు మి.మీ.లో. ప్రింట్‌లో స్కేల్ మార్చకూడదు. నీటితో తూచి చూడాలి." నాలుగు ముక్కలే. మీరు కూడా ఏ డబ్బా, ఏ ట్యాంకు, ఏ కప్పు గీసినా ఈ నాలుగూ రాయండి. ఏ వాల్యూమ్, ఎక్కడి వరకు, ఏ యూనిట్, ఎలా చెక్ చేయాలి. పాత చిన్న కప్పుని విరగ్గొట్టి పారేయమని బాబాయ్‌కి చెప్పా, ఎందుకంటే దాని మీద ఇంకా "15" అనే ఉంది. ఈ కప్పులు మందు సామాన్ల దగ్గరే ఉండాలి, వంటింటి వైపు రాకూడదని కూడా చెప్పా.

కొత్త కప్పు ఇచ్చినప్పుడు బాబాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. రాత చదవలేదు. నేరుగా లోపలికెళ్లి సిరంజీ తెచ్చి, మూడు సార్లు ఐదేసి నీళ్లు పోశాడు. గీత దగ్గర ఆగింది.

"ఇప్పుడు నమ్ముతా" అన్నాడు.

అక్షరాల్ని కాదు, నీళ్లని నమ్మాలని ఆయనకి ముందే తెలుసు. త్రీడీ ప్రింటర్ల మీద ఇన్ని రివ్యూలు రాసిన నాకే లేటుగా తెలిసింది.